ఇంట్లో కంప్యూటర్ రాత్రంతా ఏ లెక్క చేస్తోంది?



పోయిన పేరెంట్స్ మీటింగ్‌లో తొమ్మిదో తరగతి అబ్బాయి నాన్నగారు ఒకరు మార్కుల షీటు పక్కన పెట్టి వేరే సంగతి ఎత్తారు. ఆయన ఐడీఏ బొల్లారంలో ఒక మందుల కంపెనీ క్వాలిటీ కంట్రోల్ ల్యాబులో షిఫ్టు డ్యూటీ చేస్తారు. "సార్, మావోడు రాత్రి కంప్యూటర్ బంద్ చెయ్యనిస్తలేడు. ప్రపంచంల అందరు కలిసి ఏదో పెద్ద నంబర్ దేవులాడుతున్నరట. అండ్ల మనది గుడ ఒక చెయ్యి ఉండాల్నట. నైట్ షిఫ్ట్ దిగి ఇంటికొచ్చేసరికి ఆ డబ్బా కుయ్యిమంటుంటది. ఇదేమన్న మోసమా సార్? దీంతోని ఫాయిదా ఏంది? కరెంటు బిల్లు వాడు కడతడా?" అన్నారు.

అప్పటికి వెనక ఇంకో పదిమంది లైన్లో ఉన్నారు. "మోసం కాదు సార్, నిజంగానే ఉంది, వివరంగా రాస్తాను" అని చెప్పి పంపాను. ఈ వ్యాసం ఆ మాట కోసమే. మీ ఇంట్లో ఇలాంటి కంప్యూటర్ లేకపోయినా చదవండి. చివర్లో కాగితం, పెన్సిలుతో చేసే పని ఒకటుంది. దానికి కరెంటు అక్కర్లేదు.

పిల్లలు వెతుకుతున్నది ప్రధాన సంఖ్య. ఒకటితోనూ తనతోనూ తప్ప మరి దేనితోనూ నిశ్శేషంగా భాగించబడని సంఖ్య. 2, 3, 5, 7, 11, 13 ఇలా. ఇవి అంతులేకుండా ఉన్నాయని యూక్లిడ్ రెండు వేల ఏళ్ల కిందటే నిరూపించాడు. కాబట్టి అన్నిటికన్నా పెద్ద ప్రధాన సంఖ్య అంటూ ఒకటి ఉండదు. మనకు తెలిసినవాటిలో పెద్దది అని మాత్రమే అనగలం. ఆ తెలిసిన పెద్ద సంఖ్యను ఇంకాస్త ముందుకు జరపడమే ఈ వెతుకులాట. వెతకడానికి ఒక ప్రత్యేకమైన చోటు ఉంది. ఆ చోటు తెలుగువాళ్లకు కొత్తదేమీ కాదు.

చదరంగం గళ్ల కథ మీకు తెలిసే ఉంటుంది. మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా ప్రతి గడికీ రెట్టింపు చేస్తూ 64 గళ్లూ నింపాలి. మొత్తం గింజలు 2⁶⁴−1, అంటే అరవై నాలుగు రెండ్లను గుణించి అందులోంచి ఒకటి తీసేసినంత. జవాబు 1,84,46,74,40,73,70,95,51,615. ఇరవై అంకెలు. కాలిక్యులేటర్ లేని కాలంలో ఈ జవాబును ఒక తెలుగు పద్యంలో పొదిగారు. పావులూరి మల్లన పేరుతో ప్రసిద్ధమైన పద్యమది. మహావీరాచార్యుని సంస్కృత గణిత గ్రంథాన్ని తెలుగులోకి తెచ్చిన కవి ఆయన. చంద్రుడంటే ఒకటి, వేదాలంటే నాలుగు, బాణాలంటే అయిదు అని గుర్తులు పెట్టుకుని కుడి నుంచి ఎడమకు రాసుకుంటూ పోతే ఇరవై అంకెలూ సరిగ్గా వస్తాయి. ఇంట్లో తాతగారో అమ్మమ్మగారో ఉంటే అడిగి చూడండి, కొందరికి ఆ పద్యం కంఠతా వచ్చి ఉంటుంది.

ఆ జవాబు చివరి అంకె అయిదు. కాబట్టి అది 5తో భాగించబడుతుంది, ప్రధాన సంఖ్య కాదు. మూడో తరగతి పిల్లవాడైనా చెప్పేస్తాడు. అది ప్రధాన సంఖ్య కాకపోవడానికి అసలు కారణం మాత్రం 64 అనే సంఖ్యలో ఉంది. రెండ్ల గుణకారంలోంచి ఒకటి తీసేస్తే వచ్చేది ప్రధాన సంఖ్య కావాలంటే, ముందు ఆ రెండ్ల లెక్క ప్రధాన సంఖ్య కావాలి. 64 కాదు కాబట్టి మొదట్లోనే పోయింది. 2²−1 అంటే 3, 2³−1 అంటే 7, 2⁵−1 అంటే 31, 2⁷−1 అంటే 127. నాలుగూ ప్రధాన సంఖ్యలే. ఇక్కడిదాకా చూసి పిల్లలు సూత్రం దొరికిందని సంబరపడతారు. తర్వాతది 2¹¹−1, అంటే 2047. అది 23ను 89తో గుణిస్తే వచ్చేస్తుంది. పైన ఉన్నది ప్రధాన సంఖ్య కావడం అవసరమే గానీ, అది చాలదు. మరి ఎప్పుడు చాలుతుంది? ఈ ప్రశ్నే నాలుగు వందల ఏళ్లుగా నడుస్తోంది.

ఈ రకం సంఖ్యలకు మెర్సెన్ సంఖ్యలని పేరు. మారిన్ మెర్సెన్ ఫ్రాన్సు దేశపు క్రైస్తవ సన్యాసి. 1644లో ఆయన ఒక జాబితా అచ్చు వేయించాడు. ఘాతం 257 వరకు ఏ ఏ సంఖ్యల దగ్గర ప్రధాన సంఖ్యలు వస్తాయో అందులో చెప్పాడు. 67, 257 ఉండకూడనివి, పెట్టేశాడు. 61, 89, 107 ఉండాల్సినవి, వదిలేశాడు. ఈ అయిదు తప్పులూ తేలడానికి దాదాపు మూడు వందల ఏళ్లు పట్టింది. 67 దగ్గర వచ్చే సంఖ్యకు కారణాంకాలు కనుగొన్నది ఫ్రాంక్ నెల్సన్ కోల్ అనే అమెరికా ప్రొఫెసర్. 2⁶⁷−1 అంటే 193707721ను 761838257287తో గుణిస్తే వచ్చేదేనని 1903లో ఒక సభలో బోర్డు మీద రాసి చూపించాడు. ఒక్క మాటైనా మాట్లాడకుండా గుణకారం చేసి వెళ్లి కూర్చున్నాడనీ, ఇందుకు మూడేళ్ల ఆదివారాలు పట్టాయని తర్వాత చెప్పాడనీ అంటారు. నాకు ఆ ఆదివారాల మాట చాలా ఇష్టం. జీతం కోసం కాదు, పరీక్ష కోసం కాదు. సెలవు రోజుల్లో చేసిన లెక్క.

మనవైపు కూడా ఒక పెద్దాయన ఉన్నారు. లక్కోజు సంజీవరాయశర్మ గారు (1907–1997), కడప జిల్లా కల్లూరువారు. పుట్టుకతోనే చూపు లేదు. బడికి పోలేదు. ఊరూరా గణితావధానాలు చేసి ఎంత పెద్ద లెక్క అడిగినా నోటితో చెప్పేవారు. హైదరాబాదులో జరిగిన అవధానంలో 2¹⁰³ ఎంత అని అడిగితే 32 అంకెల జవాబు చెప్పారని ఇప్పటికీ గణితం మేష్టార్లు తలుచుకుంటారు. ఆ జవాబు 10141204801825835211973625643008. దీంట్లోంచి ఒకటి తీసేస్తే చివర 007 వస్తుంది. సరి సంఖ్య కాదు, 3తో పోదు, 5తో పోదు, 7తో పోదు. పైన ఉన్న 103 కూడా ప్రధాన సంఖ్యే. చూడ్డానికి అన్ని లక్షణాలూ ఉన్నాయి. అయినా అది ప్రధాన సంఖ్య కాదు. 2550183799తో సరిగ్గా భాగించబడుతుంది. రెండు వందల యాభై కోట్ల దాకా ఒక్కొక్క భాజకాన్నీ పెట్టి చూస్తే గానీ తెలియని సంగతి ఇది. అలా ఒక్కొక్కటీ పెట్టి చూడటం మనిషి వల్ల కాదు. అందుకని గణితవేత్తలు దగ్గరి దారి వెతికారు. ఎడ్వర్డ్ లూకాస్ 1876లో 2¹²⁷−1 ప్రధాన సంఖ్యేనని చేత్తోనే తేల్చాడు. ముప్పై తొమ్మిది అంకెల సంఖ్య అది. ఆయన పద్ధతిని తర్వాత డెరిక్ లెహ్మర్ సాపు చేశాడు. ఇప్పుడు పిల్లలందరూ లూకాస్–లెహ్మర్ పరీక్ష అంటున్నది దాన్నే.

ఆ పరీక్ష మీకూ వస్తుంది. భయపడకండి. వంటింటి టేబుల్ మీద చేసే లెక్కే.

2⁵−1, అంటే 31 తీసుకోండి. 4తో మొదలుపెట్టాలి. ప్రతి మెట్టులోనూ చేసేది ఒకటే పని: చేతిలో ఉన్న సంఖ్యకు వర్గం చేసి, 2 తీసేసి, 31తో భాగించి శేషం మాత్రం ఉంచుకోవాలి. 4 వర్గం 16, రెండు తీస్తే 14. అది మొదటి మెట్టు. 14 వర్గం 196, రెండు తీస్తే 194, 31తో భాగిస్తే శేషం 8. రెండో మెట్టు. 8 వర్గం 64, రెండు తీస్తే 62, 31తో భాగిస్తే శేషం సున్నా. మూడో మెట్టు. ఎన్ని మెట్లు ఎక్కాలంటే, పైన ఉన్న సంఖ్యలోంచి రెండు తీసేసినన్ని. ఇక్కడ అయిదులోంచి రెండు పోతే మూడు. ఆఖరి మెట్టులో సున్నా వస్తే ప్రధాన సంఖ్య. రాకపోతే కాదు. అంతే.

ఇప్పుడు 2047. పైన 11 ఉంది కాబట్టి తొమ్మిది మెట్లు. 14, 194, 788, 701, 119, 1877, 240, 282, చివరికి 1736. సున్నా రాలేదు, కాబట్టి 2047 ప్రధాన సంఖ్య కాదు. ఒక చిత్రం గమనించండి. 2047కు 23, 89 కారణాంకాలని ఈ పరీక్ష ఎక్కడా చెప్పలేదు. దేనితో భాగించబడుతుందో తెలియకుండానే, ప్రధాన సంఖ్య కాదని మాత్రం ఖాయంగా తేల్చేసింది. ఆ 1736 అనే శేషాన్ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాం.

1996 జనవరిలో జార్జ్ వోల్ట్‌మన్ అనే అమెరికా ప్రోగ్రామర్ ఈ పరీక్షను వేగంగా చేసే ప్రోగ్రామ్ రాసి, కావాలన్నవాళ్లందరికీ ఉచితంగా ఇచ్చాడు. ఆ సామూహిక ప్రయత్నం పేరు గ్రేట్ ఇంటర్నెట్ మెర్సెన్ ప్రైమ్ సెర్చ్. పొట్టిగా గింప్స్ అంటారు. మొదట్లో ఎవరు ఏ సంఖ్య చూడాలో ఈమెయిల్‌లో పంచుకునేవారు. 1997లో స్కాట్ కురోవ్‌స్కీ ప్రైమ్‌నెట్ అనే సర్వర్ పెట్టాక పంపకం దానంతట అదే జరుగుతోంది. మీ అబ్బాయి కంప్యూటర్ ఆ సర్వర్‌ను అడుగుతుంది: "నాకో సంఖ్య ఇవ్వు." సర్వర్ ఎవరికీ ఇవ్వని సంఖ్య ఒకటి ఇస్తుంది. కంప్యూటర్ ఖాళీగా ఉన్నప్పుడల్లా మెట్లు ఎక్కుతూ పోతుంది. పూర్తయ్యాక ఫలితం పంపి ఇంకోటి తీసుకుంటుంది.

మన కందిలో, ఐఐటీ హైదరాబాద్‌లో, జాతీయ సూపర్‌కంప్యూటింగ్ మిషన్ కింద పెట్టిన పరమ్ సేవ అనే సూపర్‌కంప్యూటర్ ఉంది. దాని శక్తి 838 టెరాఫ్లాప్స్, అంటే సెకనుకు 838 లక్షల కోట్ల లెక్కలు. దానికి కట్టడం, చల్లబరిచే ఏర్పాటు, కాపలా, బడ్జెట్ అన్నీ కావాలి. గింప్స్‌వాళ్లు అలాంటి కట్టడమేదీ లేకుండా, ఇళ్లలో, ఆఫీసుల్లో, కాలేజీల్లో ఊరికే తిరుగుతున్న ఫ్యాన్ల కింద ఉన్న కంప్యూటర్లను ఒక తాటి మీదకు తెచ్చారు. అప్పట్లో అదే వింత.

దొరికించుకున్నవాళ్లెవరో చూడండి. 1998లో రోలండ్ క్లార్క్‌సన్, పందొమ్మిదేళ్ల కాలేజీ విద్యార్థి. 1999లో నయన్ హజ్రత్‌వాలా. పది లక్షల అంకెలు దాటిన మొట్టమొదటి ప్రధాన సంఖ్య ఆయనది, దానికి 50,000 డాలర్ల బహుమతి వచ్చింది. 2005లో మార్టిన్ నోవాక్, జర్మనీలో కంటి డాక్టర్. 2017 డిసెంబరులో జొనాథన్ పేస్, అమెరికాలో కొరియర్ కంపెనీ ఉద్యోగి. పద్నాలుగేళ్లు వెతికాడు. తన చర్చిలో ఉన్న కంప్యూటర్లలోనూ ఈ ప్రోగ్రామ్ పెట్టాడు, చివరికి సంఖ్య దొరికింది ఆ చర్చి కంప్యూటర్లోనే. మరుసటి ఏడాది డిసెంబరులో ప్యాట్రిక్ లారోష్ అనే అతనికి చేరిన నాలుగు నెలలకే దొరికింది. పద్నాలుగేళ్లు ఒకరికి, నాలుగు నెలలు ఇంకొకరికి. దీంట్లో ర్యాంకు లేదు. తెలివైనవాడికి దొరుకుతుందని కూడా లేదు.

2018 డిసెంబరు తర్వాత దాదాపు ఆరేళ్లు ఏమీ దొరకలేదు. పిల్లలకు నేను క్లాసులో ఎక్కువసేపు చెప్పేది ఈ ఆరేళ్ల గురించే. ఆ కాలమంతా ప్రపంచం నలుమూలల నుంచీ ఫలితాలు వస్తూనే ఉన్నాయి, అన్నీ "కాదు" అనే. ఒక్కటీ వృథా కాలేదు. ఒక సంఖ్య ప్రధాన సంఖ్య కాదని ఒకసారి ఖాయంగా తేలితే, దాన్ని మళ్లీ ఎవరూ వెతకనక్కర్లేదు. తేల్చినవారి పేరు మీద ఆ పని నమోదవుతుంది. మన పిల్లలు రోజూ చేసే లెక్కలకు వెనక పేజీలో కీ ఉంటుంది. కీతో కలవకపోతే మార్కు పోతుంది, లెక్క పోతుంది, కొన్నిసార్లు ఇంట్లో ఆ సాయంత్రం కూడా పోతుంది. ఈ ఆటలో కీ లేదు. జవాబు "కాదు" అని వచ్చినా, సరిగ్గా చేసి ఉంటే అది పూర్తి పనే.

సరిగ్గా చేశారని ఎలా తెలుస్తుంది? ఇదీ అసలు చిక్కు. "దొరికింది" అంటే అందరూ పరిగెత్తుకొచ్చి చూస్తారు. "కాదు" అన్న లక్షల జవాబులను ఎవరు చూస్తారు? కంప్యూటర్ వేడెక్కి మధ్యలో ఎక్కడో ఒక అంకె తప్పితే, నిజంగా ప్రధాన సంఖ్యే అయినా "కాదు" అని వచ్చేస్తుంది. దాని మీదుగా అందరూ దాటిపోతారు.

ఇక్కడ బొల్లారం నాన్నగారికి నాకన్నా బాగా తెలుసు. మందుల కంపెనీలో బ్యాచ్ రికార్డు చూసినవాళ్లకు ఆ రెండు గళ్లు గుర్తుంటాయి: డన్ బై, చెక్డ్ బై. చేసినవారు ఒకరు, సరిచూసినవారు ఇంకొకరు. రెండో సంతకం లేకపోతే బ్యాచ్ గేటు దాటదు. మొదటివారి మీద నమ్మకం లేక కాదు. గింప్స్ పాతికేళ్ల పాటు సరిగ్గా ఇదే పని చేసింది. ఒకరు చేసిన సంఖ్యనే కొన్నాళ్లకు ఇంకో దేశంలో ఇంకొకరికి ఇచ్చేది. ఇద్దరికీ ఆఖరి మెట్టులో మిగిలిన శేషాలు పక్కపక్కన పెట్టి చూసేది. 2047కు మీకు 1736 వచ్చి, మీ అమ్మాయికి 1735 వస్తే ఇద్దరూ "ప్రధాన సంఖ్య కాదు" అనే అన్నారు గానీ, ఒకరు తప్పు చేశారు. శేషాలు కలిస్తేనే ఆ సంఖ్య ఫైలు మూసేవారు. కలవకపోతే మూడో మనిషికి. 2020 నుంచి పద్ధతి కొంత మారింది. ఇప్పుడు లెక్క చేస్తూనే దానికి రుజువు లాంటి ఫైలు ఒకటి తయారవుతుంది. దాన్ని సరిచూడటానికి మొత్తం లెక్క మళ్లీ చెయ్యనక్కర్లేదు, చాలా తక్కువ పనితో తేలిపోతుంది. రెండో సంతకం మాత్రం పోలేదు. కొత్త ప్రధాన సంఖ్య అనిపిస్తే వేరే ప్రోగ్రామ్‌తో, వేరే యంత్రం మీద మళ్లీ చేసి చూశాకే ప్రకటిస్తారు.

ఇంత జాగ్రత్తలోనూ ఒకసారి తమాషా జరిగింది. మిస్సోరీలో కర్టిస్ కూపర్ అనే ప్రొఫెసర్ నడిపే కంప్యూటర్ ఒకటి 2015 సెప్టెంబరులోనే కొత్త ప్రధాన సంఖ్య కనిపెట్టి సర్వర్‌కు చెప్పింది. అక్కడి నుంచి వెళ్లాల్సిన ఈమెయిల్ వెళ్లలేదు. 2016 జనవరి 7న ఎవరో రికార్డులు సర్దుతుంటే బయటపడింది. మనిషి కంట పడిన రోజునే కనుగొన్న రోజుగా లెక్క వేస్తారు, కాబట్టి చరిత్రలో 2016 అనే ఉంది.

ఆరేళ్ల తర్వాత, 2024 అక్టోబరు 12న, తెలిసిన మెర్సెన్ ప్రధాన సంఖ్యల్లో 52వది ఖరారైంది: 2ను 13,62,79,841 సార్లు వేసి గుణించి ఒకటి తీసేస్తే వచ్చేది. అంకెలే 4,10,24,320. మన న్యూస్‌లెటర్ పేజీకి అయిదు వేల అంకెలు పట్టించినా ఎనిమిది వేల పేజీలు దాటుతుంది. సెకనుకు ఒక అంకె చొప్పున, నిద్ర లేకుండా చదివితే దాదాపు 475 రోజులు. కనుగొన్నవాడు ల్యూక్ డ్యూరాంట్, గ్రాఫిక్ చిప్పులు తయారుచేసే ఎన్‌విడియా కంపెనీలో లోగడ పనిచేసినవాడు. తన 3,000 డాలర్ల బహుమతిని అలబామాలోని ఒక గణిత, సైన్స్ పాఠశాలకు ఇస్తానన్నాడు.

ఇక్కడ పిల్లలకు నిజం చెప్పాలి. డ్యూరాంట్ ఇంట్లో ఒక కంప్యూటర్ పెట్టుకుని వెతకలేదు. సొంత డబ్బు పెట్టి అనేక దేశాల డేటా సెంటర్లలో గ్రాఫిక్ ప్రాసెసర్లు అద్దెకు తీసుకున్నాడు. సంఖ్య ముందుగా తగిలింది ఐర్లండ్‌లో, డబ్లిన్‌లోని యంత్రానికి. దాన్ని ఖాయం చేసింది అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో ఇంకో యంత్రం. చర్చి కంప్యూటర్లో దొరికిన రోజులకూ దీనికీ ఏడేళ్లే తేడా. ఇంటి డెస్క్‌టాప్‌కు లాటరీ తగిలే అవకాశం మునుపటికన్నా సన్నబడిందని నా అభిప్రాయం. బహుమతి కోసం కంప్యూటర్ ఆన్ చేసి పెట్టాలనుకుంటే వద్దనే చెబుతాను.

ఫాయిదా ఏంటని అడిగారు కదా. కొందరు "బ్యాంకులకు, యూపీఐకి భద్రత ఈ సంఖ్యల వల్లే" అని వీడియోల్లో చెబుతుంటారు. అది సరి కాదు. డిజిటల్ భద్రతలో ప్రధాన సంఖ్యలు వాడతారు, నిజమే. అవి మూడు వందల అంకెల చుట్టుపక్కల ఉంటాయి, ఎవరికీ తెలియనివై ఉండాలి. నాలుగు కోట్ల అంకెలతో, ప్రపంచమంతా పేపర్లలో వేసిన సంఖ్య దానికి పనికి రాదు. నేరుగా ఉపయోగం ఏమీ లేదు. పక్క ఉపయోగాలు ఉన్నాయి. ఈ ప్రోగ్రామ్, ప్రైమ్95, ప్రాసెసర్‌ను ఎంత గట్టిగా పని చేయిస్తుందంటే, కొత్త కంప్యూటర్ నిలబడుతుందో లేదో పరీక్షించడానికి మెకానిక్‌లు దీన్నే నడుపుతారు. 2016లో ఇంటెల్ కంపెనీ స్కైలేక్ ప్రాసెసర్లలో ఒక లోపం బయటపడింది ఈ ప్రోగ్రామ్ వల్లే, కంపెనీ ఒప్పుకుని సరిచేసింది. అంతకు ముందు 1994లో, పెంటియమ్ చిప్పు భాగహారంలో తప్పు చేస్తోందని పట్టుకున్నది కూడా ప్రధాన సంఖ్యల మీద లెక్కలు చేసుకుంటున్న థామస్ నైస్‌లీ అనే ప్రొఫెసరే. ఇంటెల్‌కు దాని ఖర్చు 47.5 కోట్ల డాలర్లు.

మెర్సెన్ ప్రధాన సంఖ్యలు అంతులేకుండా ఉన్నాయా, ఎక్కడో ఆగిపోతాయా? ఇది ఇంతవరకూ ఎవరికీ తెలియదు. 52 చేతిలో ఉన్నాయి. 53వది ఉందనే అందరి నమ్మకం, రుజువు లేదు.

ఇక ఇంటి సంగతులు. డెస్క్‌టాప్ ఇలాంటి లెక్క చేస్తున్నప్పుడు సుమారు 150 వాట్లు తీసుకుంటుందనుకుంటే, రోజంతా నడిస్తే 3.6 యూనిట్లు, నెలకు 108. గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు ఉండేలా చూసుకునే ఇంటికి ఇది చిన్న సంగతి కాదు. మిగతావారికైనా స్లాబు మారితే ఏమవుతుందో తెలుసు. కాబట్టి రాత్రంతా కాకుండా, పిల్లలు ఎలాగూ కంప్యూటర్ ముందు ఉన్న గంటల్లో నడుపుకోమనండి. లెక్క మధ్యలో ఆపినా పోదు, ఆపిన చోటు నుంచే మళ్లీ మొదలవుతుంది. ఒక్కో సంఖ్యకు రోజులు పడుతుంది, పాత కంప్యూటరైతే వారాలు. పట్టనివ్వండి. మన పటాన్‌చెరు దుమ్ముకు సీపీయూ ఫ్యాన్ ఎలా ఉంటుందో ఒకసారి మూత తీసి చూడండి. తుడవకుండా ఈ పని పెట్టొద్దు. ల్యాప్‌టాప్ అయితే పరుపు మీద పెట్టి అసలే వద్దు. ప్రోగ్రామ్‌ను మెర్సెన్ డాట్ ఆర్గ్ అనే వాళ్ల సొంత సైటు నుంచి తప్ప ఇంకెక్కడి నుంచీ దించుకోనివ్వకండి. డబ్బు అడగరు. పిల్లల అసలు పేరు, ఫోన్ నంబరు ఇవ్వనక్కర్లేదు, మారుపేరుతో నడుపుకోవచ్చు.

ఒక మాట తల్లిదండ్రులకే. కంపెనీ ఇచ్చిన ల్యాప్‌టాప్‌లో, ఆఫీసు కంప్యూటర్లలో ఇది పెట్టకండి, పిల్లల్ని పెట్టనివ్వకండి. 1998లో అమెరికాలో ఒక టెలిఫోన్ కంపెనీ దగ్గర పనిచేసే కంప్యూటర్ నిపుణుడు అనుమతి లేకుండా అక్కడి 2,585 కంప్యూటర్లను ఈ వెతుకులాటకు పెట్టేశాడు. ఉద్యోగులకు ఫోన్ నంబరు వెతకడానికి సెకన్లు పట్టేది నిమిషాలైంది. ఎఫ్‌బీఐ వచ్చింది. ఉద్దేశం మంచిదే కావచ్చు, యంత్రం మనది కాదు.

బొల్లారం నాన్నగారికి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. రాత్రి పదింటికి బంద్ అని తండ్రీకొడుకులు ఒప్పందానికొచ్చారట. 1736 కథ చెబితే ఆయన నవ్వి, "మా ల్యాబుల గుడ గంతే సార్, ఇద్దరి రీడింగు కలవకుంటే మూడో అనలిస్టు" అన్నారు. ఆ మాట కొడుకుతో చెప్పమన్నాను. నాన్న రాత్రి షిఫ్టులో ఏం చేస్తాడో ఆ అబ్బాయికి అప్పటిదాకా సరిగ్గా తెలియదట.

మీకు నేను చెప్పిన కాగితం పని ఇదీ. ఈ ఆదివారం మీరూ మీ అబ్బాయో అమ్మాయో చెరో కాగితం తీసుకోండి, ఒకరిది ఒకరు చూడకండి. 2¹³−1, అంటే 8191. 4తో మొదలుపెట్టి పదకొండు మెట్లు. భాగహారానికి కాలిక్యులేటర్ వాడుకోవచ్చు, శేషం మాత్రం చేత్తో తీయండి. మూడో మెట్టులో 4870 రావాలి. ఏడో మెట్టులో 36 అంత చిన్న సంఖ్య వస్తే కంగారు పడకండి, అది సరైనదే. పదో మెట్టులో ఇద్దరికీ 128 వస్తే పదకొండోది నోటితోనే చేయొచ్చు. తేడా వస్తే ఎవరిది తప్పని వెంటనే తేల్చకుండా, మూడో కాగితం ఇంట్లో ఇంకొకరికి ఇవ్వండి. వచ్చే మీటింగ్‌కు ఆ కాగితాలు తీసుకురండి, తప్పులున్నవి కూడా.